గడువు సాగితే కాలం తిరిగినట్టే

బాపు, అంటే మా నాన్న, లారీ బుకింగ్ ఆఫీసులో రాసిన చిట్టాలో పేజీకి ఐదు గడులు. తేదీ, లారీ నంబరు, సరుకు, కిరాయి అనే నాలుగు గడులు లోడు ఎత్తిన రోజే నిండేవి. ఐదోది ఖాళీగా ఉండేది. మిల్లు నుంచి పైసలు చేతికొచ్చిన రోజున బాపు దాంట్లో ఎర్ర సిరాతో ఒక అంకె వేసేవాడు. లోడు ఎత్తిన నాటి నుంచి డబ్బు ముట్టే దాకా ఎన్ని రోజులు పట్టిందో చెప్పే అంకె అది. ప్రతి అమావాస్యకు ఆఫీసు మూసే ముందు ఆ ఎర్ర అంకెల మీద వేలు పెట్టి పైనుంచి కిందికి చదివేవాడు. 12, 14, 11 అని ఉంటే చిట్టా మూసి ఇంటికి బయల్దేరేవాడు. 20, 26, 31 అని వస్తే మర్నాడు పొద్దున్నే కొత్త టైర్ల ఆర్డరు ఆపించేవాడు.

"బిడ్డా, కిరాయి అబద్ధమాడ్తది. గడువు ఆడదు" అనేవాడు.

బాపు పోయాక ఆ చిట్టా నా చేతికొచ్చింది. ముప్పై ఏళ్లుగా రాస్తున్నాను. ఇప్పుడు కంప్యూటర్ ఉంది, ఈ-వే బిల్లు ఉంది, కిరాయి ఫోన్‌లోనే తేలిపోతుంది. అయినా ఐదో గడిని నేను చేత్తోనే నింపుతాను. దేశంలో మందగమనం వస్తోందా, వచ్చిపోయిందా అని లారీ ఓనర్లు అడిగినప్పుడల్లా పేపర్లో అంకెలూ చూస్తాను, ఈ గడీ చూస్తాను. రెండూ ఒకే మాట చెప్పని రోజులు చాలానే ఉన్నాయి. అలాంటప్పుడు మా ఊరి పాత కథలు గుర్తుకొస్తాయి.

మాది వరోరా. మహారాష్ట్రలో చంద్రపూర్ జిల్లా. వరంగల్ నుంచో విజయవాడ నుంచో ఢిల్లీకి రైలెక్కిన తెలుగువాళ్లు బల్లార్షా, చంద్రపూర్ దాటాక మా స్టేషన్ మీదుగానే పోయి ఉంటారు. బాబా ఆమ్టే కుష్ఠురోగుల కోసం కట్టిన ఆనంద్‌వన్ ఉన్న ఊరుగా కొందరికి మా పేరు తెలుసు. మాకు పడమట వర్ధా నది. అది కిందికి పోయి వైన్‌గంగతో కలిసి ప్రాణహిత అవుతుంది. ఆ ప్రాణహిత సిరోంచ దగ్గర గోదావరిలో కలుస్తుంది. అటుపక్క ఒడ్డున కాళేశ్వరం. మా తాతది సిరోంచ. గని పనికి దగ్గర్లోని మజ్రీకి వచ్చాడు. బాపు వరోరాలో లారీ బుకింగ్ ఆఫీసు పెట్టాడు. మా ఇంట్లో తెలుగు, బజార్లో మరాఠీ. మేం మోయించే సరుకు రెండే రకాలు: తెల్లది పత్తి, నల్లది బొగ్గు. మా ప్రాంతం ఎదిగిందీ, కుంగిందీ ఈ రెండింటితోనే.

నది మీద వేసిన లెక్క

1861లో అమెరికాలో అంతర్యుద్ధం మొదలైంది. దక్షిణాది రేవులు దిగ్బంధంలో పడ్డాయి. లాంకషైర్ మిల్లులకు అమెరికా పత్తి ఆగిపోయింది. ఇంగ్లండ్ కళ్లు మన నల్లరేగడి మీద పడ్డాయి. మాకు ఉత్తరాన ఉన్న హింగన్‌ఘాట్ పేరుతోనే ఒక పత్తి రకం లివర్‌పూల్ దాకా పోయింది. ధర ఏ ఏటికాయేడు ఎగబాకింది. బొంబాయిలో ఆ డబ్బంతా కొత్త కంపెనీల షేర్లలోకి పారింది. బ్యాక్ బే సముద్రాన్ని పూడ్చి భూమి తీస్తామన్న కంపెనీలో 5,000 రూపాయలు కట్టిన షేరు 50,000 దాకా పలికింది.

ఆ కొనుగోళ్లలో చాలా భాగం వాయిదా బేరాలు. ఇవాళ మాట, 1865 జూలై 1న డబ్బు. ఆ ఏప్రిల్‌లో అమెరికా యుద్ధం ముగిసింది, పత్తి ధర జారింది. అప్పటికీ కాగితాల మీద చాలామంది లక్షాధికారులే. జూలై 1 వచ్చేసరికి ఇవ్వాల్సినవాళ్లు ఇవ్వలేకపోయారు, రావాల్సినవాళ్లకు రాలేదు. కూలడం మొదలై, చివరికి 1868లో బ్యాంక్ ఆఫ్ బాంబే కూడా మూతపడింది. ధర నాలుగేళ్లు చెప్పిన కథను గడువు ఒక్క రోజులో తిరగరాసింది.

ఈ దెబ్బ మా నదికీ తగిలింది. విదర్భ పత్తిని వర్ధా, ప్రాణహిత, గోదావరి మీదుగా పడవల్లో కాకినాడ తీరానికి చేర్చాలని ఆర్థర్ కాటన్ ఆలోచన. కెప్టెన్ హేగ్ చేతుల మీదుగా పని నడిచింది. పడవలను ఆపే రాతి అడ్డంకులు దారిలో మూడు. మొదటిది దుమ్ముగూడెం, రెండోది ఇచ్చంపల్లి, మూడోది ప్రాణహిత మీద దేవలమర్రి. వాటిని దాటించడానికి ఆనకట్టలు, కాలువలు, లాకులు తలపెట్టారు. 1860లో సిరోంచ కేంద్రంగా ఎగువ గోదావరి జిల్లా కూడా ఏర్పడింది. మా తాతల ఊరు జిల్లా కేంద్రం కావడానికి ఆ నది దారి మీద పెట్టుకున్న ఆశ కూడా ఒక కారణం.

ఆ పని ఒడ్డున పడలేదు. అడవిలో జ్వరాలకు పనివాళ్లు నిలవలేదు. ఖర్చు అంచనాలు దాటింది. బొంబాయి నుంచి రైలు 1867కే నాగపూర్ చేరింది. యుద్ధం నాటి పత్తి ధర మళ్లీ రాలేదు. 1871లో ప్రభుత్వం పథకాన్ని వదిలేసింది. 1874లో భద్రాచలం, రేకపల్లి తాలూకాలు మద్రాసు ప్రెసిడెన్సీకి పోయాయి, సిరోంచ చాందా (ఇప్పటి చంద్రపూర్) జిల్లాలో ఒక తహసీలుగా మిగిలింది. దుమ్ముగూడెం దగ్గర ఆ కాలపు ఆనకట్ట ఇప్పటికీ ఉంది. ఎప్పుడైనా భద్రాచలం వెళ్తే దాన్ని చూసి రండి. మా పత్తి కోసం కట్టిన రాయి అది. యుద్ధం వల్ల వచ్చిన గిరాకీని శాశ్వతమైన గిరాకీగా లెక్కేస్తే ఏమవుతుందో ఆ రాయి చెబుతుంది.

గని మూసిన ఊరు

పడవ రాలేదు గానీ రైలు వచ్చింది. వర్ధా నుంచి హింగన్‌ఘాట్ మీదుగా వరోరాకు 1870ల్లో ప్రభుత్వం లైను వేసింది. దాని పేరే వర్ధా కోల్ స్టేట్ రైల్వే. వరోరాలో దొరికిన బొగ్గు కోసమే ఆ పట్టాలు. ప్రభుత్వమే గని తవ్వించింది. పత్తికి జిన్నింగ్, ప్రెస్సింగ్ కార్ఖానాలు వెలిశాయి. రైలు చివరి స్టేషన్ మాదే కనుక చాందా వైపు సరుకంతా మా ఊళ్లోనే బండి దిగి రైలెక్కేది. ఆఖరి స్టేషన్ అంటే బండ్లు, ఎడ్లు, సత్రాలు, హమాలీలు, వడ్డీ వ్యాపారులు. ఒక ఊరు బతకడానికి అంతకంటే ఏం కావాలి?

1906లో ఆ గని మూతపడింది. బొగ్గు పని బల్లార్‌పూర్ వైపు పోయింది, పట్టాలూ అటే సాగాయి. సరుకు మా ఊళ్లో దిగాల్సిన అవసరం లేకపోయింది. అదే కాలంలో దేశం మొత్తం మీద బొగ్గు ఉత్పత్తి పెరుగుతూనే ఉంది. కలకత్తాలో లెక్కలు చూసినవాళ్లకు అది మంచి కాలం. వరోరా హమాలీకి అది పొయ్యి వెలగని కాలం. దేశపు సగటు అంకెలో ఒక ఊరు ఎంత సులువుగా మాయమవుతుందో మా వాళ్లు అప్పుడే చూశారు.

ఇవాళా అంతే. 2024-25లో దేశం తవ్విన బొగ్గు మొదటిసారి 100 కోట్ల టన్నులు దాటింది. మా చుట్టూ ఓపెన్‌కాస్ట్ గనుల్లో పెద్ద యంత్రాలు, పెద్ద డంపర్లు. టన్నులు పెరిగినంత మాత్రాన మనుషుల పని పెరగదు. మా తాత కాలంలో ఒక వ్యాగన్ నిండాలంటే ఎన్ని తట్టలు లేవాలో, ఎన్ని ఇళ్లకు కూలి ముట్టేదో లెక్క ఉండేది. ఇప్పుడు అంత బొగ్గునూ ఒకే యంత్రం కాసేపట్లో ఎత్తిపోస్తుంది.

నగదు కోసం పెన్‌గంగ దాటిన పత్తి

1929లో కాజీపేట-బల్లార్షా లైను పూర్తయి, ఢిల్లీకి, మద్రాసుకు మధ్య మా ఊరి మీదుగా దారి కలిసింది. గ్రాండ్ ట్రంక్ ఎక్స్‌ప్రెస్ ఆ ఏడాదే నడిచింది. అదే ఏడాది చివర్లో న్యూయార్క్ షేర్ మార్కెట్ కూలింది. రెండేళ్లు తిరక్కుండానే మన పత్తి ధర దారుణంగా పడిపోయింది. ధర పడితే రైతు తట్టుకోగలడేమో, అప్పు గడువు మీద పడితే తట్టుకోలేడు. ధర సగమైతే అదే అప్పు తీర్చడానికి రెండింతల పత్తి అమ్మాలి. అందుకే 1933లో సెంట్రల్ ప్రావిన్సెస్ ప్రభుత్వం అప్పుల రాజీ చట్టం తెచ్చింది. అప్పిచ్చినవాణ్ని, తీసుకున్నవాణ్ని బోర్డు ముందు కూర్చోబెట్టి అసలు తగ్గించి, వాయిదాలు కట్టించారు. ఆ రోజుల్లో మాంద్యానికి సర్కారు పట్టుకున్న నాడి గడువే.

తర్వాత బాపు తరం. 1972లో మహారాష్ట్ర ప్రభుత్వం పత్తిని తానే కొంటానని ఏకాధికార కొనుగోలు పథకం పెట్టింది. హామీ ధర మంచిదే. కానీ డబ్బు విడతలుగా వచ్చేది, ఆలస్యంగా వచ్చేది. బయట ధర తక్కువైనా సరే, చేతిలో నగదు కావాల్సిన రైతులు రాత్రిపూట బండ్లు కట్టి సరిహద్దులోని పెన్‌గంగ నది దాటించి ఆదిలాబాద్ వైపు అమ్ముకునేవాళ్లు. దాన్ని అడ్డుకోవడానికి సరిహద్దుల్లో చెక్‌పోస్టులు. బాపు మాకందరికీ ఈ సంగతి పదేపదే చెప్పేవాడు. రైతు తక్కువ ధర ఎందుకు ఒప్పుకున్నాడు? ఎందుకంటే ఇవాళ ముట్టే 100 రూపాయలు ఆర్నెల్ల తర్వాత వచ్చే 120 కంటే పెద్దవి. కూతురి పెళ్లి, దుకాణంలో ఉద్దెర, పోళా పండక్కి ఎడ్ల కొమ్ములకు రంగు, ఇవేవీ ఆర్నెల్లు ఆగవు. ధర చూసి రైతు పరిస్థితి అంచనా కట్టినవాళ్లు పొరబడ్డారు. గడువు చూసినవాళ్లకు నిజం తెలిసింది.

నా చిట్టాలో మూడు ఎర్ర పేజీలు

నా చేతి రాతలో ఎర్ర అంకెలు ఏడిపించిన పేజీలు మూడున్నాయి.

మొదటిది 2016 నవంబర్. 500, 1,000 నోట్లు రద్దయ్యేనాటికి పత్తి సీజన్ నడుస్తోంది. సరుకు ఉంది, లారీలు ఉన్నాయి, హమాలీకి ఇవ్వడానికి చిల్లర లేదు. ఆ నెల గడువు ఒక్కసారిగా సాగింది. అది గిరాకీ పడిపోయిన దెబ్బ కాదు, డబ్బు ఆగిన దెబ్బ. కొన్ని నెలల్లో అంకెలు దిగాయి.

రెండోది అసలైనది. 2018 జూలైలో లారీ యాక్సిల్ మీద మోసే బరువు పరిమితిని కేంద్రం పెంచింది. ఉన్న లారీలే ఎక్కువ మోస్తుంటే కొత్త లారీ ఎవరు కొంటారు? మొదట మేమంతా అదే అనుకున్నాం. సెప్టెంబర్‌లో ఐఎల్ అండ్ ఎఫ్ఎస్ అనే పెద్ద ఫైనాన్స్ సంస్థ బాకీలు కట్టలేక చేతులెత్తేసింది. ఫైనాన్స్ కంపెనీలు అప్పులు బిగించాయి. మా దగ్గర సరుకు తగ్గలేదు, కిరాయి కూడా పెద్దగా తగ్గలేదు. కానీ డిసెంబర్ అమావాస్యకు నేను ఐదో గడి చదివితే 18 ఉన్నచోట 29 వచ్చింది. ఫిబ్రవరికి 41. ఒక స్పిన్నింగ్ మిల్లు మా బాకీ మూడు నెలలు తొక్కిపట్టింది. అడిగితే, మాకు బట్ట కొన్నవాళ్లు ఇవ్వలేదన్నారు. వాళ్లకూ ఎవరో ఇవ్వలేదు.

దేశం లెక్కల్లో మందగమనం చాలా తర్వాత కనిపించింది. 2019 ఏప్రిల్-జూన్ వృద్ధి 5 శాతమనీ, జూలై-సెప్టెంబర్‌ది 4.5 శాతమనీ మొదట ప్రకటించారు. అక్టోబర్‌లో కరెంటు వాడకం ఏడాది కిందటి కంటే 13 శాతానికి పైగా పడిపోయింది. సెప్టెంబర్ 20న కార్పొరేట్ పన్ను తగ్గించారు. అప్పటికి నా చిట్టాలో గడువు సాగి తొమ్మిది నెలలు.

మూడోది 2020, లాక్‌డౌన్ ఏడాది. దాని గురించి చెప్పడానికేమీ లేదు. ఏప్రిల్-జూన్ జీడీపీ 23.9 శాతం పడిందని మొదట ప్రకటించారు. ఆ నెలల్లో నా పేజీలు ఖాళీ. ఖాళీ పేజీ చదవడానికి ఎవరి సాయమూ అక్కర్లేదు.

ఇప్పటి అంకెలు ఎలా చదవాలి

పేపర్లో వచ్చే అంకెల్ని నేను తక్కువ చేయడం లేదు. ఒక్కొక్కటి ఎప్పుడొస్తుందో, ఏం కొలుస్తుందో తెలిస్తే అవి ఎంతో పనికొస్తాయి.

జీడీపీ మూడు నెలలకోసారి, ఆ మూడు నెలలు ముగిసిన రెండు నెలలకు వస్తుంది. నడిచొచ్చిన దారి చూపే అంకె అది. ఎనిమిది కీలక రంగాల సూచీ నెలనెలా వస్తుంది. బొగ్గు, ముడి చమురు, సహజ వాయువు, రిఫైనరీ ఉత్పత్తులు, ఎరువులు, ఉక్కు, సిమెంట్, విద్యుత్తు. 2011-12 ఆధారంగా కట్టిన పారిశ్రామిక ఉత్పత్తి సూచీలో ఈ ఎనిమిదింటి బరువు 40 శాతానికి కాస్త పైన. ఎనిమిదింటి లోపల విద్యుత్తుది దాదాపు 20 శాతం, బొగ్గుది 10 శాతం పైచిలుకు. అంటే మా వరోరా చుట్టుపక్కల జరిగే పని ఆ సూచీలో గట్టిగానే కనిపిస్తుంది. ఇక్కడ రెండు థర్మల్ కేంద్రాలు నడుస్తున్నాయి. 600 మెగావాట్లది జీఎంఆర్ కట్టింది, 540 మెగావాట్లది హైదరాబాద్‌కు చెందిన కేఎస్‌కే కట్టింది. కట్టినవి రెండూ తెలుగువాళ్ల కంపెనీలే.

కానీ కరెంటు అంకె ఒక్కటే చూసి కంగారు పడకూడదు. 2025లో రుతుపవనాలు మే 24కే కేరళ తాకాయి. ఎండలు తగ్గి, కూలర్లు ఆగి, మే నెలలో విద్యుత్తు వాడకం పడింది. అది వాన చేసిన పని, మందగమనం కాదు. జీఎస్టీ వసూళ్లు నెల మొదట్లోనే తెలుస్తాయి. వాటిలో ధరల పెరుగుదల కూడా కలిసి ఉంటుందని మరవకూడదు. సరుకు పెరక్కుండా ధర పెరిగినా వసూళ్లు పెరుగుతాయి. పీఎంఐ 50 దాటితే విస్తరణ, దిగితే సంకోచం. అది కంపెనీల కొనుగోలు మేనేజర్లను అడిగి కట్టే లెక్క. కొత్త ఆర్డర్లు, ఉత్పత్తి, ఉద్యోగాలు, కొన్న సరుకు నిల్వ, సరుకు చేరే సమయం అందులో ఉంటాయి. సరుకు చేరే సమయం ఉంది, డబ్బు చేరే సమయం లేదు. లోటు అక్కడే.

పత్తిలో ఇంకో ఆనవాలు చూడాలి. సర్కారు ఎంత కొంటోంది? 2021-22 సీజన్‌లో క్వింటాలు పత్తి 10,000 రూపాయలు దాటింది, భారత పత్తి సంస్థ గేటు వైపు ఎవరూ చూడలేదు. 2024-25లో మద్దతు ధర 7,121 నుంచి 7,521 ఉంటే బయట మార్కెట్ దానికి కిందే ఉండిపోయింది. సంస్థ దాదాపు 100 లక్షల బేళ్లు కొనాల్సి వచ్చింది. 2025 ఆగస్టు 19 నుంచి పత్తి దిగుమతి మీద 11 శాతం సుంకం ఎత్తేశారు, తర్వాత ఆ మినహాయింపును డిసెంబర్ చివరిదాకా పొడిగించారు. ఆగస్టు 27 నుంచి మన బట్టల మీద అమెరికా అదనపు సుంకం 50 శాతానికి చేరింది. కొనేవాడు సర్కారు ఒక్కడే అయ్యాడంటే మిల్లులకు గిరాకీ లేదని అర్థం. ఆ మాట ఏ సూచీలోనూ సూటిగా రాయరు.

మా ఆఫీసు వెనక జిన్నింగ్‌లో హమాలీల ముఠా ఉంది. 170 కిలోల బేలును ఇద్దరు ఇనుప కొక్కేలతో పట్టి, పలక మీద దొర్లించి, లారీ మీదికి ఎక్కిస్తారు. వంద బేళ్ల లోడు సాయంత్రానికి పూర్తవుతుంది. పట్టీల రాపిడికి అరచేతులు కాయలు కాసి ఉంటాయి. మంచి సీజన్‌లో ముఠా పెద్ద వెళ్తూ వెళ్తూ "రేపొస్తం తాయీ" అని వెళ్లిపోతాడు. కాలం మారబోయే ముందు గుమ్మంలో ఆగుతాడు. "రేపు రమ్మంటవా తాయీ?" అని అడుగుతాడు. ఆ ప్రశ్న విన్న సాయంత్రం నేను చిట్టా తీసి ఐదో గడి చదువుతాను. ముఠాకు కూలి కాంట్రాక్టర్ ఎప్పుడిచ్చాడో కూడా అడుగుతాను. దాదాపు ప్రతిసారీ జవాబు ఒకటే: పోయిన వారం కూలి ఇంకా ముట్టలేదు. గడువు సాగడం పైనుంచి మొదలై కింద ఆగుతుంది. కింద ఆగినచోట ఉన్నది అరచేతులు కాయలు కాసిన మనిషి.

నూటయాభై ఏళ్ల మా ఊరి కథ నాకు నేర్పింది ఇది. ధర పెరుగుతున్నప్పుడే పతనం మొదలై ఉండొచ్చు. టన్నులు పెరుగుతున్నా ఊరు ఖాళీ కావొచ్చు. గడువు మాత్రం ముందే చెబుతుంది. 1865లో బొంబాయి వాయిదా తేదీ చెప్పింది, 1930ల్లో అప్పుల బోర్డు చెప్పింది, పెన్‌గంగ దాటిన బండ్లు చెప్పాయి, 2018 చివర్లో మా చిన్న చిట్టా కూడా చెప్పింది.

దీనికి చట్టం కూడా ఉంది. 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థలకు కొనుగోలుదారు 45 రోజులు దాటకుండా డబ్బు కట్టాలి. 2023-24 ఆర్థిక సంవత్సరం నుంచి, ఆ గడువు దాటిన బాకీని ఆ ఏటి ఖర్చుగా చూపి పన్ను తగ్గించుకోవడానికి వీల్లేదు. 45 రోజులు దాటిన బాకీల వివరాలను కంపెనీలు 2019 నుంచి ఆర్నెల్లకోసారి కేంద్రానికి సమర్పిస్తున్నాయి. అంటే ఐదో గడి దేశానికి ఇప్పటికే ఉంది. దాన్ని జిల్లాల వారీగా, వ్యాపారాల వారీగా కూడి నెలనెలా ప్రచురించమని అడుగుతున్నాను. జీడీపీ వచ్చేదాకా ఆగకుండా, వరోరా హమాలీ ఎన్నాళ్లు ఎదురుచూస్తున్నాడో ఢిల్లీకి తెలియాలి.

అది జరిగేదాకా, దుకాణమైనా, పొలమైనా, లారీ అయినా నడుపుతున్న ప్రతి ఒక్కరూ తమ లెక్కల పుస్తకంలో ఐదో గడి గీసుకోండి. అమావాస్యకు ఒకసారి చదవండి. అంకె పెరుగుతుంటే కొత్త అప్పు చేయకండి, కూలివాళ్ల బాకీ ముందు తీర్చండి.